హార్లెమ్ స్టేషన్‌ను తీరిగ్గా చూడటం ఎలా?

నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జాండ్‌ఫోర్ట్ సముద్రతీరానికి వెళ్లేవారిలో చాలామంది దారిలో వచ్చే హార్లెమ్ ఊరిని రైలు కిటికీలోంచి చూసి సాగిపోతారు. రెండేళ్లపాటు రోజూ అక్కడ రైలు మారినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, దిగండి. ఒక గంట కేటాయించండి.

ముందు టికెట్ సంగతి. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రాల్‌లో గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, దిగిన చోట మళ్లీ తాకించాలి. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోను వాడకండి. రెండింటి వెనుకా ఒకే ఖాతా ఉన్నా యంత్రం వాటిని వేర్వేరుగానే లెక్కిస్తుంది. నేను ఒకసారి ఇలా చేసి ఎక్కువ డబ్బు కట్టాను.

తక్కువ చోట్ల ఆగే వేగపు రైలు ఇంటర్‌సిటీ అయితే పావుగంటలో చేరుస్తుంది. తొందర లేకపోతే మధ్యలో హాల్ఫ్‌వెఖ్ లాంటి చిన్న స్టేషన్లలోనూ ఆగే స్ప్రింటర్ రైలు ఎక్కండి. నెదర్లాండ్స్‌లో మొట్టమొదటి రైలు నడిచింది ఆమ్‌స్టర్‌డామ్, హార్లెమ్‌ల మధ్యే, 1839 సెప్టెంబరు 20న. ఇంజను పేరు 'డి ఆరెంట్', అంటే గద్ద. అంతకుముందు 17వ శతాబ్దంలో తవ్విన కాలువలో గుర్రాలు లాగే పడవలపై రెండు గంటలకు పైగా పట్టే ప్రయాణం అరగంటకు తగ్గింది. అప్పటి పట్టాల మధ్య దూరం 1,945 మిల్లీమీటర్లు. పొరుగు దేశాలతో కలవాలంటే అది కుదరదని తరువాత 1,435కు మార్చారు.

హార్లెమ్‌లో దిగగానే మెట్ల వైపు పరుగెత్తకండి. ఇనుప కమానుల పైకప్పు కింద నిలబడి ప్లాట్‌ఫారం మధ్యలోని చెక్క కట్టడాల వైపు చూడండి. 1842లో లైడెన్ వైపు దారి వేసినప్పుడు స్టేషన్ ఈ చోటికి మారింది. ఇప్పటి భవనం 1906-1908 మధ్య కట్టింది, వాస్తుశిల్పి డిర్క్ మార్గడాంట్. వీధుల్లో రాకపోకలకు అడ్డు రాకుండా పట్టాలను గట్టు మీదికి ఎత్తారు. అందుకే రైళ్లు పైన, మనుషులు కింద. ఆ కాలపు ఆర్ నూవో కళాశైలిలో తీగల్లా వంపు తిరిగిన అలంకారాలు, రంగు పింగాణీ పలకలు ఇంకా చెక్కుచెదరలేదు. పలకల మీద 'వాఖ్ట్‌కామర్' అనే మాట కనిపిస్తే అది నిరీక్షణ గది. ఆ అక్షరాల వంపు చూస్తూ నేను చాలా రైళ్లు వదిలేశాను, ఒక్కసారీ బాధపడలేదు. పొద్దున ఆఫీసు వేళ మాత్రం వెళ్లకండి. జనం మధ్య ఏదీ కనిపించదు.

కిందికి దిగి బయటి నుంచి ముఖద్వారం కూడా చూసి రండి.

తిరిగి ఎక్కేముందు బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చదవండి. ఇంటర్‌సిటీలు దక్షిణాన లైడెన్, ద హేగ్ వైపు పోతాయి. ఉత్తరాన బేవర్‌వైక్ మీదుగా వెళ్లే దారి వేరే. సముద్రం కావాలంటే 'జాండ్‌ఫోర్ట్ ఆన్ జీ' అని ఉన్న స్ప్రింటరే ఎక్కాలి. మధ్యలో ఓవర్‌వేన్ స్టేషన్‌లో ఒక్కచోటే ఆగుతుంది, పది నిమిషాల దారి. 1881 నుంచి రైళ్లు నడుస్తున్న ఆ దారి చివర ఇసుక తిన్నెలు నడక దూరంలోనే ఉంటాయి. స్టేషన్ దాటేముందు అదే కార్డు తాకించడం మరవకండి.