నాటకాల నటి జీవితం రాయాలంటే: కొలీన్ డ్యూహర్స్ట్ ఉదాహరణగా

విదేశీ నటీమణుల గురించి తెలుగులో రాసేవాళ్లు చాలామంది సినిమాల పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటారు. సినిమా తారలకైతే అది సరిపోతుంది. రంగస్థలం మీద బతికి, మధ్యమధ్యలో టీవీలో కనిపించిన మనిషికి మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. ఆమె చేసిన పనిలో ముప్పాతిక వంతు ఆ పట్టికలోకే రాదు.

నేను పత్రికల డెస్కులో పనిచేసి మానేశాక తెలుగు వికీపీడియాలో నటీనటుల వ్యాసాలు రాయడం వ్యాపకంగా పెట్టుకున్నాను. కొత్తగా రాసేవాళ్లకి నేను ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ కొలీన్ డ్యూహర్స్ట్. 1924 జూన్ 3న కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టింది. అమెరికాలో నాటకానికి ఇచ్చే టోనీ అవార్డులు రెండు, టీవీకి ఇచ్చే ఎమ్మీ అవార్డులు నాలుగు అందుకుంది. మన వాళ్లలో కొందరికి ఆమె మొహం తెలుసు, పేరు తెలియదు. 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' అనే అనాథ పిల్ల కథని కెనడా ప్రభుత్వ టీవీ సీబీసీ 1985 డిసెంబరులో ప్రసారం చేసింది కదా, అందులో పెంచుకున్న తల్లి మరిల్లా ఈమే.

మొదట ఒక పెద్ద కాగితం తీసుకుని నిలువుగా మూడు గళ్లు గీయండి. ఒకటి నాటకాలకి, ఒకటి టీవీ-సినిమాలకి, ఇంకోటి ఇల్లు, సంఘం, ఆరోగ్యం లాంటివాటికి. సంవత్సరాలు ఎడమ పక్కన రాయండి. నాటకాల గడి నింపేదాకా మిగతా రెండూ ముట్టుకోవద్దు. చాదస్తం అనుకున్నా సరే, ఇది వదలకండి. టీవీ వివరాలు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి, ముందు అవి రాసేస్తే వ్యాసమంతా అటే ఒరిగిపోతుంది.

నాటకాల గడి నింపడానికి బ్రాడ్‌వే డేటాబేస్ ఉంది, ప్రదర్శన తేదీలు, పాత్రల పేర్లు అన్నీ దొరుకుతాయి. అయితే అందులో ఉండేది బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్‌లోని పెద్ద వాణిజ్య థియేటర్లు, ఒక్కటే. కొలీన్ 1952లో బ్రాడ్‌వేలో మొదటిసారి కనిపించింది, అమెరికన్ నాటక రచయిత యూజీన్ ఓనీల్ నాటకంలో ఇరుగుపొరుగు మనుషుల్లో ఒకరిగా. తర్వాత పేరు తెచ్చిన పనిలో కొంత బయట జరిగింది. 1956లో నిర్మాత జోసెఫ్ పాప్ న్యూయార్క్ ఈస్ట్ రివర్ ఒడ్డున ఆరుబయట వేయించిన షేక్స్‌పియర్ నాటకంలో గయ్యాళి కేట్ వేషం వేసింది. 1963లో, పదకొండేళ్ల కింద తను పక్కింటి మనిషిగా నిలబడ్డ ఆ ఓనీల్ నాటకంలోనే, సర్కిల్ ఇన్ ది స్క్వేర్ అనే చిన్న థియేటర్‌లో కథానాయిక అబీ అయింది. బ్రాడ్‌వే పట్టిక ఒక్కటే చూస్తే ఈ రెండూ కనపడవు. కాబట్టి ఆఫ్-బ్రాడ్‌వే, అంటే న్యూయార్క్ చిన్న థియేటర్ల పట్టికలు, వాటికిచ్చే ఓబీ అవార్డుల జాబితా, ఆనాటి పత్రికల సమీక్షలు పక్కన పెట్టుకోవాలి.

గడి నిండాక పైనుంచి కిందికి వేలు పెట్టి చూడండి. ఏ పాత్ర మళ్లీ మళ్లీ వస్తోంది? నా దృష్టిలో వ్యాసానికి వెన్నెముక అదే, అవార్డు కాదు. కొలీన్ విషయంలో ఆ పాత్ర పేరు జోసీ హోగన్. ఓనీల్ చివరి నాటకాల్లో ఒకటైన 'ఎ మూన్ ఫర్ ది మిస్‌బిగాటెన్'లో రైతు కూతురు. 1958లో ఇటలీలోని స్పొలేటో ఉత్సవంలో వేసింది, 1965లో బఫెలోలో వేసింది, 1973లో ఇల్లినాయ్‌లోని లేక్ ఫారెస్ట్‌లో వేసి, ఆ ఏడాది డిసెంబరు చివర్లో బ్రాడ్‌వేకి తెచ్చింది. స్పొలేటోలోనూ బ్రాడ్‌వేలోనూ దర్శకుడు హోసే కింటెరో. 1974లో ఉత్తమ నటి టోనీ దీనికే వచ్చింది. చింతామణి వేషాన్ని ఊరూరా ఏళ్ల తరబడి కట్టిన మన నాటక సమాజాల వాళ్లకి, పదిహేనేళ్లు ఒక పాత్రని మోయడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడొక లెక్క వేయండి. ఓనీల్ రాసుకున్న జోసీ వయసు ఇరవై ఎనిమిది. బ్రాడ్‌వేలో తెర లేచేనాటికి కొలీన్‌కి నలభై తొమ్మిది. అయినా ఎవరూ తప్పు పట్టలేదు. ఎందుకు పట్టలేదో వ్యాసంలో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే ఆ రెండు వాక్యాలే పేజీడు పొగడ్తల కన్నా ఎక్కువ పని చేస్తాయి. అందుకోసం నాటకం చూడాలి.

ఆ మధ్య థియేటర్ ఆర్ట్స్ చదివే అమ్మాయి ఒకరు నన్ను నిలదీసింది: "మేడమ్, స్టేజీ మీద ఒక్కసారీ చూడకుండా ఆవిడ గొప్ప నటి అని ఎలా రాస్తాం?"

"రాయొద్దమ్మా. ఏం చేసిందో రాయి. గొప్పో కాదో చదివేవాళ్లు తేల్చుకుంటారు."

అదృష్టవశాత్తూ జోసీ విషయంలో చూసే దారి ఉంది. ఈ ప్రదర్శనని టీవీ కోసం చిత్రించి 1975లో అమెరికాలో ప్రసారం చేశారు. పాత టేపు, సెట్టు నాటకం సెట్టులాగే ఉంటుంది, సినిమా హంగులేమీ ఆశించొద్దు. మొదటిసారి కథ కోసం చూడండి. రెండోసారి మూడో అంకం మాత్రం పెట్టుకోండి. ఇంటి మెట్ల మీద వెన్నెల. తాగుడుతో శిథిలమైపోయిన జిమ్ టైరన్ (జేసన్ రోబార్డ్స్) తల్లి చావు గురించి తన గుండెలో దాచుకున్నదంతా కక్కేసి, జోసీ గుండెల మీద తల ఆన్చి నిద్రపోతాడు. తెల్లారేదాకా ఆమె కదలదు. మీరు అప్పుడు అతన్ని చూడకండి, ఆమెని చూడండి. ఆ బలమైన భుజాలు, బొంగురు గొంతు, అంతసేపూ మోటు మాటలు విసిరిన మనిషి ఎప్పుడు మెత్తబడిందో గడియారం చూసి నిమిషం రాసుకోండి. నాలాంటి డెస్కు మనుషులకి ఇది వింతగా ఉండొచ్చు గానీ, నిమిషం రాసుకుంటే "అద్భుతంగా జీవించింది" అనే వాక్యం మీ చేతి నుంచి జారకుండా ఉంటుంది.

ఇప్పుడు రెండో గడి. టీవీ విషయంలో అవార్డుని చూసి పాత్ర పరిమాణం ఊహించకండి. 'మర్ఫీ బ్రౌన్' అనే హాస్య సీరియల్లో ఆమె నాయిక తల్లి ఏవరీ, అతిథి పాత్ర. కొద్ది ఎపిసోడ్లే. ఎమ్మీలు మాత్రం రెండు వచ్చాయి, 1989లో, 1991లో. మిగతా రెండూ టీవీ చిత్రాలకి, 1986లో ఒకటి, 1989లోనే ఇంకొకటి. వీటిని ఒక వాక్యంలో ముగించేయొచ్చు. మరిల్లాకి మాత్రం చోటివ్వండి. ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపపు కథ, దర్శకుడు కెవిన్ సలివన్, ఆన్‌గా మేగన్ ఫాలోస్, మరిల్లా అన్న మాథ్యూగా రిచర్డ్ ఫార్న్స్‌వర్త్. పొలం పనికి మగపిల్లాడు కావాలని కబురు పెడితే ఆడపిల్ల దిగింది. గుమ్మంలో ఆ పిల్లని చూసిన మరిల్లాకి నోట మాట కరకుగానే వస్తుంది. జోసీ టేపు చూసి వెంటనే ఈ సన్నివేశం చూస్తే మీకే తెలుస్తుంది: కరుకుదనం అడుగున మెత్తదనం దాచే పని ఆమె నాటకాల్లో నేర్చుకుంది, కెమెరా ముందు దాన్ని బాగా తగ్గించి వాడింది. నేను మరిల్లాని ఇష్టపడేది అందుకే. 'అనీ హాల్' సినిమాలో ఆమె కాసేపే కనపడుతుంది, పట్టికలో పేరు రాస్తే చాలు.

మూడో గడి దగ్గర జాగ్రత్తలు ఎక్కువ. ముందు దేశం సంగతి. పుట్టింది మాంట్రియల్‌లో, చిన్నతనంలోనే కుటుంబం అమెరికా వెళ్లిపోయింది, చదువూ నాటకమూ అక్కడే. "కెనడా నటి" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా "కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన నటి" అని రాయండి. మరిల్లా వల్ల కెనడా వాళ్లు ఆమెని తమ మనిషిగా చూసుకున్నారు, అదీ ఒక మాట రాయొచ్చు.

తర్వాత పెళ్లిళ్లు. నటుడు జార్జ్ సి. స్కాట్‌ని రెండుసార్లు పెళ్లాడి రెండుసార్లు విడాకులు తీసుకుంది. ఇద్దరు కొడుకులు, అందులో క్యాంప్‌బెల్ స్కాట్ కూడా నటుడే. 1988లో ఓనీల్ శతజయంతికి తల్లీ కొడుకూ ఒక నాటకంలో తల్లీ కొడుకులుగానే వేశారు. స్కాట్ ఆస్కార్ కాదన్న మనిషి, ఆయన కథ రసవత్తరంగా ఉంటుంది, రాసేవాళ్ల కలం అటు పోతుంది. పోనివ్వకండి. ఆయన వ్యాసం ఆయనకి ఉంది.

చాలామంది వదిలేసేది, నేను గట్టిగా పట్టుబట్టేది యూనియన్ పని. 1985 నుంచి చనిపోయేదాకా ఆమె యాక్టర్స్ ఈక్విటీకి, అంటే అమెరికా రంగస్థల నటుల సంఘానికి, అధ్యక్షురాలు. ఎయిడ్స్‌తో సహనటులు వరసగా రాలిపోతున్న కాలం అది. 1987లో ఆ సంఘం ఎయిడ్స్ రోగుల సాయం కోసం నిధి పెట్టింది. 1990లో 'మిస్ సైగాన్' అనే సంగీత నాటకం గొడవ వచ్చింది. యూరేషియన్ (సగం ఆసియా, సగం యూరప్ సంతతి) పాత్రని తెల్ల నటుడు జోనథన్ ప్రైస్ వేయడానికి ఈక్విటీ ఒప్పుకోలేదు. నిర్మాత కామెరాన్ మాకింతోష్ ప్రదర్శనే రద్దు చేస్తానన్నాడు, సంఘం నిర్ణయం వెనక్కి తీసుకుంది. ఆసియా నటులు ఇప్పటికీ తలచుకునే విషయం. దీన్ని రాసేటప్పుడు ఆమెని దోషినీ చేయొద్దు, వీరనారినీ చేయొద్దు. ఏ నెలలో ఎవరు ఏ ప్రకటన ఇచ్చారో వరసగా పెట్టండి, చాలు.

మరణం గురించి పొదుపుగా రాయండి. 1991 ఆగస్టు 22న న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్ సేలమ్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది, వయసు 67. ఆమె క్రిస్టియన్ సైన్స్ మతస్తురాలు, మందుల కన్నా ప్రార్థనని నమ్మే క్రైస్తవ శాఖ అది. ఆ మతం గురించి ఒక వాక్యం దాకా సరే, వైద్యం ఎందుకు అలా జరిగిందన్న ఊహాగానాలు మన పని కాదు. ఆమె మరిల్లాగా వస్తూ ఉన్న 'రోడ్ టు ఏవన్లీ' సీరియల్లో ఆ పాత్రకీ మరణం రాశారు. ఈ సంగతి రెండో గడిలో పెట్టండి, మూడో గడిలో పెడితే కన్నీటి కథ అవుతుంది.

ఆత్మకథ ఉంది గానీ ఆమె పూర్తి చేయలేదు. మిగిలింది స్నేహితుల జ్ఞాపకాలతో నింపి 1997లో అచ్చేశారు. అందులోంచి ఏదైనా వాడితే ఆ మాట ఆమెదో, స్నేహితులదో పక్కనే గుర్తు పెట్టుకోండి. తేదీలు మాత్రం దాన్నుంచి తీసుకోవద్దు, డేటాబేసుతో సరిచూడండి. టోనీ ఏటికీ, నాటకం మొదలైన ఏటికీ తేడా వస్తుంది: జోసీ బ్రాడ్‌వేకి వచ్చింది 1973లో, అవార్డు 1974లో. మొదటి టోనీ, సహాయ పాత్రకి, 1961లో, నాటకం మొదలైంది 1960 చివర్లో. పట్టికలో రెండు ఏళ్లూ వేరు వేరు గళ్లలో వేసి, ఆ తర్వాతే వ్యాసంలో మొదటి వాక్యం రాయండి.