క్రిస్మస్ ఆల్బమ్‌లు వినుడు ఎట్ల షురూ చెయ్యాలె: ఒక్క సైలెంట్ నైట్ పట్టుకొని పోతే చాలు

డిసెంబర్ వచ్చిందంటే మా నల్లగొండ దిక్కు స్టార్లు కట్టుడు, సెమీ క్రిస్మస్‌లు, రాత్రిపూట వాన్ మీదనో ట్రాలీ ఆటో మీదనో స్పీకర్ బాక్సులు కట్టుకొని ఇండ్లిండ్లకు తిరిగే క్యారల్స్ అన్నీ ఒక్కసారే మొదలైతయ్, పాటలు పెట్టే పని మాత్రం యూత్‌ల ఎవడో ఒకని మీద పడ్తది, వాడు యూట్యూబ్‌ల నాన్‌స్టాప్ క్రిస్మస్ సాంగ్స్ అని కొట్టి వదిలేస్తడు, నడుమల సబ్బు యాడ్ వస్తది, అందరు వాని మొకం చూస్తరు. ఈసారి ఆ పని మీ మీద పడితే జర ఇది సదువుండ్రి.

ఇంగ్లిష్‌ల క్రిస్మస్ ఆల్బమ్‌లు లెక్కలేనన్ని ఉన్నయ్. లిస్టు పట్టుకొని కూసుంటే ఒడువదు. ఒక్క పాట పట్టుకోండి, సైలెంట్ నైట్. మన కీర్తనల పుస్తకంల శుద్ధరాత్రి ఉంది కదా, అదే రాగం, మన అవ్వలకు సుత నోటికొస్తది. రాగం ముందే తెల్సు కాబట్టి ఏ ఆల్బమ్‌ల ఏం మార్చిండ్రో అదొక్కటే చెవికి తాకుతది. 1818ల ఆస్ట్రియాల ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊర్ల క్రిస్మస్ ముందురాత్రి మొదటిసారి పాడిండ్రు, మాటలు జోసెఫ్ మోర్ అనే ఫాదర్‌వి, రాగం ఫ్రాంజ్ గ్రూబర్‌ది, పాడింది గిటార్ మీద. చర్చిల గిటారేంది అనే పెద్దమనుషులు మీ సంఘంల ఉంటే ఈ ముచ్చట పనికొస్తది.

మొదలు అమెరికా పాటగాడు బింగ్ క్రాస్బీతోటి పెట్టుకోండి. 1945ల డెక్కా అనే రికార్డుల కంపెనీ మెర్రీ క్రిస్మస్ అని తీసింది, అప్పుడు ఎల్పీ (ఒక్క డిస్కులనే ఆల్బమంతా పట్టేది) ఇంకా రాలే, పుస్తకం లెక్క అట్టల నడుమ 5 డిస్కులు, ఒక్కో దిక్కు ఒక్క పాట. వైట్ క్రిస్మస్ ఉన్నది దీంట్లనే. ఆ పాట 1942ల రికార్డ్ చేసిండ్రు, కాపీలు తీసీ తీసీ అసలు మాస్టర్ (కాపీలు తీసే మొదటి రికార్డు) అరిగిపోతే 1947ల మళ్ల పాడించిండ్రు, ఇప్పుడు మనం వినేది ఎక్కువ ఆ రెండోదే. దీంట్ల సైలెంట్ నైట్ మెల్లగ, మైకు దగ్గర నిలవడి పక్కన కూసున్నోనికి చెప్పినట్టు పాడ్తడు. రాత్రి పదకొండు దాటినంక పసిపిల్లలున్న ఇండ్ల ముందు ఇదే పెట్టాలె, సౌండ్ తక్కువల సుత మంచిగుంటది.

ఇగ 1957ల రాక్ పాటల ఎల్విస్ ప్రెస్లీ ఆల్బమ్ వచ్చింది. వైట్ క్రిస్మస్ రాసిన ఇర్వింగ్ బెర్లిన్‌కు ఎల్విస్ పాడిన తీరు చూసి మస్తు కోపమొచ్చి, దాన్ని ఆపుండ్రని రేడియో స్టేషన్లకు ఫోన్లు చేయించిండు! మీకు కావల్సిన కిటుకు ఒకటుంది దీంట్ల: మొదటి సైడ్‌ల రాక్ తీరు పాటలు, రెండో సైడ్‌ల సైలెంట్ నైట్, బెత్లెహేం పాట, ఆ తర్వాత నాలుగు గాస్పెల్ (అమెరికా చర్చిల భక్తి) పాటలు. పాస్టర్ అయ్యగారు దగ్గర్ల ఉంటే రెండో సైడ్, వాన్ ఊరి బయటికి పోయినంక మొదటి సైడ్.

ఇక్కడి నుంచి దారులు చీలిపోతయ్. కంట్రీ, అంటే అమెరికా పల్లె పాటల తీరు, కావాలంటే 1963 జిమ్ రీవ్స్ ఆల్బమ్, మన దేశంల పాత క్యాసెట్లున్న క్రైస్తవుల ఇండ్లల్ల ఆయన గొంతు తెల్వనోళ్లు తక్కువ. గాస్పెల్‌కు మహేలియా జాక్సన్, 1962. ఆమె సైలెంట్ నైట్‌ల ఒక్కో అక్షరాన్ని సాగదీసి సాగదీసి పాడుతుంటే చేతిలో ఉన్న పని ఆగిపోతది, నన్నడిగితే అన్నిట్ల ఇదే గొప్పది, ఇది వాన్ మీద కాదు, దీపాలు తగ్గించినంక లోపల పెట్టాలె. జాజ్‌ల ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ దగ్గర జాగ్రత్త, ఆమెవి రెండు ఆల్బమ్‌లు, 1960 దాంట్ల అన్నీ మంచు పాటలు, క్రిస్మస్ తాత పాటలు, ఏసయ్య పుట్టుక పాట ఒక్కటి లేదు, 1967 దాంట్ల అన్నీ చర్చి పాటలే. ఇంట్ల కేక్ కోసేటప్పుడు మొదటిది, గుడిల రెండోది. మాటలే వద్దు, వంటకాడ మెల్లగ ఏదో ఒకటి మోగాలంటే 1965ల విన్స్ గ్వరాల్డీ ట్రియో (ముగ్గురి జాజ్ బృందం) చేసిన చార్లీ బ్రౌన్ క్రిస్మస్ పెట్టుండ్రి, పియానోనే ఎక్కువ.

ట్రాలీ ఆటో మీద ఒక్కటే బాక్స్ ఉందా, అయితే పాటలు రికార్డ్ చేయించే ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ 1963 ఆల్బమ్. దాన్ని మోనోల, అంటే కుడి ఎడమ అని చీల్చకుంట సౌండ్ అంతా ఒక్కటే దారిల, చేసిండ్రు, ఎంతోమంది వాయించేటోళ్లను ఒక్క రూంల కుక్కి గోడ లెక్క సౌండ్ కట్టిండ్రు, అందుకని ఒక్క బాక్స్‌ల సుత ఏదీ పోదు. రిలీజైన రోజు నవంబర్ 22, ఆ రోజే అమెరికా ప్రెసిడెంట్ కెనడీని కాల్చి చంపిండ్రు, ఇగ పండుగ పాటలు ఎవడు కొంటడు, అప్పుడు నడవలే, తర్వాత తర్వాత పేరొచ్చింది. చివర్ల సైలెంట్ నైట్ నడుస్తుంటే మీద స్పెక్టర్ మాట్లాడుతనే ఉంటడు, అది తీసేయండి. ఆయన తర్వాత ఖూనీ కేసుల జైలుకు పోయిండు, అందుకే అసలే వద్దనేటోళ్లు సుత ఉంటరు, మీ సంఘాన్ని బట్టి చూస్కోండి.

మిగిలినయి జల్ది చెప్త. డిస్కోకు 1981 బోనీ ఎం. సింథసైజర్‌కు 1984 మ్యాన్‌హైమ్ స్టీమ్‌రోలర్. 1987ల ఎ వెరీ స్పెషల్ క్రిస్మస్ అని స్పెషల్ ఒలింపిక్స్ (బుద్ధి ఎదుగుదల తక్కువున్నోళ్ల ఆటల పోటీలు) కోసం పెద్ద పెద్ద పాటగాళ్లంత పాడిండ్రు, దాంట్లనే రన్ డీఎంసీ అనే గ్రూప్ ర్యాప్ ఉంది, ఆఖర్ల స్టీవీ నిక్స్ సైలెంట్ నైట్ ఉంది. 1994ల ఒక్క ఏడే కెన్నీ జీ సాక్సఫోన్ ఆల్బమూ మరయా కేరీదీ వచ్చినయ్. మరయా ఆల్బమ్ మొదలయ్యేది సైలెంట్ నైట్‌తోనే, అందరు ఎగిరే ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ పాట రెండోది, అది అమెరికా పాటల ర్యాంకుల లిస్టు బిల్‌బోర్డ్ హాట్ 100ల మొదటి ప్లేస్‌కు వచ్చేసరికి 2019 అయింది, 25 ఏండ్లు! మైకేల్ బూబ్లే 2011ది వింటే మళ్ల క్రాస్బీ కాలం యాదికొస్తది.

ఇగ పెన్‌డ్రైవ్ సంగతి. ఫ్యాట్32ల ఫార్మాట్ కొట్టండి, పాత ఆంప్లిఫయర్లు వేరేది చదవయ్. ఎంపీ3లే ఎక్కియ్యండి, ఫైల్ పేరు ముందు 01, 02 నంబర్లు పెట్టి అదే వరుసల ఒక్కొక్కటి కాపీ చెయ్యండి, కొన్ని ప్లేయర్లు పేరు చూడయ్, ముందు ఎక్కిందే ముందు పాడ్తయ్. యాప్‌ల ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసినయి పెన్‌డ్రైవ్‌కు రావు, అవి కావాలంటే ఫోన్‌కు ఆక్స్ వైర్ పెట్టి ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌ల ఉంచండి, లేకుంటే క్యారల్స్ నడుమ మీ నాయిన ఫోన్ రింగ్ ఊరంతా వింటది. 1945 పాట తర్వాత సీదా 2011 పాట వస్తే బాక్సులు అదురుతయ్, కొత్తయి రికార్డింగే గట్టిగుంటది, కాబట్టి నడుమల మన తెలుగు పాటలు, డప్పు పాటలు వేసుకుంట పోవాలె, నాలుగు తెలుగుకు ఒక్క ఇంగ్లిష్ అయితే ఎవ్వరు లొల్లి పెట్టరు. అట్లనే సేమ్ పాటలతోటి ఇంకో పెన్‌డ్రైవ్ చేసి ట్రాలీ డ్రైవరన్న దగ్గర పెట్టండి, మొదటిది ఎవడో ఒకడు జేబుల వేసుకొని పొయ్యేదే.