మామూలు నడకను ఒంటిమీది సెన్సర్‌తో అధ్యయనం చేయడం ఎలా?

ఎవరో చూస్తున్నారని తెలిస్తే మన నడక తీరు మారిపోతుంది. అందుకే ప్రయోగశాలలో పది అడుగులు వేయించి కొలిస్తే సహజమైన నడక దొరకదు. రోజంతా ఒంటిమీదే ఉండే చిన్న సెన్సర్ ఆ లోటు తీరుస్తుంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ 2013-15 మధ్య సుమారు లక్ష మంది మణికట్టుకు ఇలాంటి పరికరం కట్టి, ఏడేసి రోజుల కదలికలను నమోదు చేసింది.

ముందు ప్రశ్న తేల్చుకోండి. రోజులో ఎంతసేపు కదిలారన్నదే కావాలంటే మణికట్టు చాలు. అడుగుల లయ కావాలంటే మాత్రం నడుము వెనుక, కింది భాగంలో బిగించండి. శరీర గరిమనాభి, అంటే బరువుకు కేంద్రబిందువు, అక్కడికి దగ్గర. మణికట్టు పరికరం చప్పట్లను అడుగులుగా పొరబడవచ్చు, చేతులు కదపకుండా నడిస్తే అడుగులను వదిలేయవచ్చు.

తర్వాత పరికరాన్ని పరీక్షించండి. ఇందులోని సెన్సర్ యాక్సిలరోమీటర్, అంటే త్వరణాన్ని (వేగంలో మార్పును) కొలిచేది. బల్లమీద కదలకుండా ఉంచినా అది సున్నా చూపదు. గురుత్వాకర్షణ వల్ల సెకను వర్గానికి సుమారు 9.8 మీటర్లు చూపాలి. ఆరు ముఖాలమీదా తిప్పి పెట్టి చూడండి. ఏ ముఖం దగ్గరైనా అంకె బాగా తప్పితే ఆ పరికరాన్ని వాడకండి. ఐదు నిమిషాల ఈ పనిని దాటవేస్తే వారం శ్రమ వృథా కావచ్చు.

సెకనుకు 50 నుంచి 100 కొలతలు తీసేలా అమర్చండి. ధరించే వ్యక్తికి ఏమి నమోదవుతుందో, ఎవరు చూస్తారో చెప్పి, అనుమతి తీసుకున్నాకే కట్టండి. పట్టీ వదులైతే దాని ఊగిసలాట కూడా కొలతలో కలిసిపోతుంది. 100 అడుగులు నడిపించి, మీరు లెక్కించినదానితో పరికరం లెక్కను సరిచూడండి.

సెలవు రోజులు కూడా కలిసేలా వారం ఉంచండి. ఆ వారమంతా చిన్న డైరీ రాయించండి. నా దృష్టిలో పరికరంకన్నా డైరీయే విలువైనది. బస్సు కుదుపులు నడకలా కనిపించవచ్చు. తీసి పక్కన పెట్టిన గంటలు విశ్రాంతిలా కనిపిస్తాయి. ఏది ఏమిటో డైరీలోని ఒకటి రెండు వాక్యాలే చెబుతాయి.

ఇక గ్రాఫ్ గీయండి. పాదం నేలను తాకిన ప్రతిసారీ ఒక శిఖరం లేస్తుంది. శిఖరాల మధ్య కాలమే అడుగు కాలం. పెద్దల మామూలు నడక తరచుగా నిమిషానికి 100 నుంచి 120 అడుగుల మధ్య ఉంటుంది. ఎత్తు, వయసు, చెప్పులు, నేల ఈ లెక్కను మార్చేస్తాయి. 85 కనబడగానే అసహజమని రాసేయకండి. డైరీ తెరవండి. ఆ సాయంత్రం పరికరం కట్టుకున్న వ్యక్తి పసిబిడ్డ చేయి పట్టుకుని నడిచి ఉండవచ్చు.