రంజాన్ ఉమ్రాకు డబ్బు కట్టే ముందు

మహారాష్ట్రలోని సిరోంచ, బల్లార్షా, ధర్మాబాద్, దెగ్లూరు వైపు ఉమ్రా (హజ్ కాని మక్కా యాత్ర) ప్యాకేజీ చాలాసార్లు తెలిసిన మనిషి ద్వారానే వస్తుంది. పదిహేను మందిని పోగేస్తే తనకో సీటు ఉచితమని ఏజెన్సీ అతనికి ఆశ చూపుతుంది. ఆఫీసేమో హైదరాబాదులోనో నిజామాబాదులోనో. మోసం చేయాలన్న ఉద్దేశం అతనికి ఉండకపోవచ్చు. కానీ తెల్లకాగితం మీద అతను రాసిచ్చిన రసీదుతో రేపు ఏజెన్సీని పట్టుకోలేరు.

అందుకే డబ్బు ఏజెన్సీ పేరున్న ఖాతాకే వెయ్యండి. ఫోన్‌పేలో ఎవరి పేరు కనిపిస్తుందో చూశాకే పిన్ కొట్టండి. ఒకే ప్రయాణానికి ఒకరి నుంచి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం తప్పు. విడతలుగా తీసుకున్నా తప్పే. నగదే కావాలని పట్టుబడితే అక్కడే లేచి రండి. వీసా, టికెట్ చేతికి వచ్చేదాకా పెద్ద మొత్తం మీ దగ్గరే ఉండాలి.

ఎక్కువమంది దెబ్బతినేది టికెట్ దగ్గర. ‘పీఎన్ఆర్ వచ్చేసింది’ అంటే సీటు పట్టి ఉంచారనే అర్థం. గడువులోగా డబ్బు కట్టకపోతే ఎయిర్‌లైన్ దాన్ని రద్దు చేస్తుంది. అడగాల్సింది 13 అంకెల టికెట్ నంబరు. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్ కోడ్: ఎయిరిండియాకు 098, సౌదియాకు 065. పీడీఎఫ్‌ను నమ్మొద్దు, దాన్ని ఎవరైనా దిద్దగలరు. ఎయిర్‌లైన్ సైటులోనే పీఎన్ఆర్, పాస్‌పోర్టులోని ఇంటిపేరు కొట్టి, తిరుగు ప్రయాణం కూడా ఉందో లేదో చూడండి. టికెట్ తీసి చూపించి, తర్వాత రద్దు చేసి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు మరోసారి చూడాలి.

‘హరమ్‌కు (మక్కాలోని పెద్ద మసీదుకు) దగ్గర’ అన్న మాటకు కొలత లేదు. హోటల్ పేరు, గదికి ఎంతమంది, ఎన్ని రాత్రులు అన్నీ రాయించుకోండి. ‘లేదా దానికి సమానమైన హోటల్’ అని ఉంటే ఆ మాట కొట్టేయించండి.

హజ్ లెక్క వేరు. హజ్ కమిటీ దరఖాస్తు సైటులోనో హజ్ సువిధ యాప్‌లోనో వేస్తాం, ఎంపిక ఖుర్రాతో, అంటే లాటరీతో. ‘వెయిటింగ్ లిస్టులో మీ కవర్ (దరఖాస్తు) నంబరు పైకి జరిపిస్తాం’ అనేవాడు అబద్ధం చెబుతున్నట్టే. ప్రైవేటుగా వెళ్లాలంటే కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ సైటులో ఈ ఏడాది జాబితా తీసి, సంస్థ పేరు అక్షరం అక్షరం పోల్చండి. విజిట్ వీసా మీద హజ్ కుదరదు. అనుమతి లేకుండా హజ్‌కు ప్రయత్నిస్తే 20,000 రియాళ్ల దాకా జరిమానా అని 2025లో సౌదీ ప్రకటించింది.

మోసం బయటపడితే, ఆన్‌లైన్‌లో పంపిన డబ్బుకు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ‘తెలంగాణలో జరిగింది, అక్కడికే వెళ్లండి’ అని స్టేషన్లో అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా మీ స్టేషన్లోనే నమోదు చేయాలి. ఫిర్యాదు మరాఠీలోనో హిందీలోనో రాయించుకుని వెళితే పని త్వరగా కదులుతుంది. ఈలోగా ఏజెంటు రాబోయే తేదీ వేసిన చెక్కు చేతిలో పెట్టి, అసలు రసీదులు తిరిగి అడుగుతాడు. చెక్కు తీసుకోండి, రసీదులు మాత్రం ఇవ్వకండి.