కణం పగిలాక ప్రొటీన్‌ను కాపాడుకోవడం – 3వ పాఠం: ఇన్హిబిటర్లను ఎంచుకోవడం, కలపడం

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. కణాలను పగలగొట్టగా వచ్చిన ద్రావణాన్ని, అంటే లైసేట్‌ను, రెండు ట్యూబుల్లో పోసి, ఒకటి బల్ల మీద, ఒకటి ఐస్‌లో పెట్టాం. బల్ల మీదిది పాడవడంలో వింతేమీ లేదు. మరి ఐస్‌లోది కూడా సాయంత్రానికి జెల్ మీద ముక్కలుగా ఎందుకు కనిపిస్తుంది?

ఎందుకంటే చల్లదనం ప్రొటియేజ్‌ల (ప్రొటీన్లను కోసే ఎంజైముల) వేగాన్ని తగ్గిస్తుందే తప్ప వాటిని ఆపలేదు. కణం బతికి ఉన్నప్పుడు వాటిలో చాలా భాగం లైసోజోముల్లాంటి సంచుల్లో ఉంటాయి. డిటర్జెంట్ పొరలను కరిగించగానే, గట్టు తెగిన చెరువులా లోపలిదంతా బయటికొచ్చి కలిసిపోతుంది. అప్పటిదాకా ఎదురుపడని ఎంజైమూ మీ ప్రొటీనూ ఒకే ద్రావణంలోకి వస్తాయి. అందుకే ప్రొటియేజ్‌ను ఆపే ఇన్హిబిటర్ కణం పగలకముందే బఫర్‌లో ఉండాలి. తెగిపోయిన ప్రొటీన్‌ను ఏ రసాయనమూ తిరిగి అతికించలేదు.

ఈసారి 10 మిల్లీలీటర్ల లైసిస్ బఫర్‌కు (కణాలను పగలగొట్టే ద్రావణానికి) ఇన్హిబిటర్లను విడివిడిగా మనమే కలుపుదాం. రెడీమేడ్ టాబ్లెట్ వేస్తే సరిపోదా అంటే, చాలాసార్లు సరిపోతుంది. కానీ అందులో ఏముందో తెలియకపోతే, ప్రయోగం చెడినప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం కష్టం. ఒక్కసారైనా చేత్తో కలిపి చూడండి.

ప్రొటియేజ్‌లలో మనకు ఎక్కువగా ఎదురయ్యేవి నాలుగు రకాలు. ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ సీరిన్ రకం. లైసోజోముల్లోని క్యాథెప్సిన్ బి, ఎల్ సిస్టీన్ రకం, క్యాథెప్సిన్ డి ఆస్పార్టిక్ రకం. నాలుగోది జింక్ లాంటి లోహం లేనిదే పనిచేయని మెటలోప్రొటియేజ్. ఒక రకాన్ని ఆపే మందు సాధారణంగా మిగతా రకాల జోలికి పోదు, అందుకే నాలుగైదు కలిపి వాడతాం. ఏ కణమన్నది కూడా చూడాలి. పాంక్రియాస్ కణజాలంలో సీరిన్ రకం విపరీతంగా ఉంటుంది. ఈస్ట్ వాక్యువోల్‌లో సీరిన్ రకంతోపాటు ఆస్పార్టిక్ రకం కూడా బలంగా ఉంటుంది కాబట్టి అక్కడ ఆ రకాన్ని ఆపే పెప్‌స్టాటిన్ మానేయకూడదు.

ఇక పీఎంఎస్ఎఫ్ (ఫినైల్‌మిథైల్‌సల్ఫోనిల్ ఫ్లోరైడ్) అనే ఇన్హిబిటర్. ఎక్కువమంది వాడేదీ, ఎక్కువమంది తప్పుగా వాడేదీ ఇదే. సీరిన్ ప్రొటియేజ్‌లోని కీలకమైన సీరిన్‌కు శాశ్వతంగా అంటుకుని, ఆ ఎంజైమును పనికిరాకుండా చేస్తుంది. చిక్కేమిటంటే, నీళ్లలో అది తనంతట తానే విరిగిపోతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 అయితే దాని అర్ధాయువు సుమారు 110 నిమిషాలు, 7.5 అయితే 55, 8 అయితే 35 నిమిషాలే. అంటే పీహెచ్ 8 బఫర్‌లో 1 మిల్లీమోలార్ వేసి గదిలో గంటా పది నిమిషాలు వదిలేస్తే మిగిలేది నాలుగో వంతు. పొద్దున కలిపిన బఫర్‌ను మధ్యాహ్నం వాడితే అందులో పీఎంఎస్ఎఫ్ దాదాపు లేనట్టే. ఐస్ మీద నెమ్మదిగా విరుగుతుంది, అయినా ముందురోజు కలిపి పెట్టుకోవద్దు.

దాని స్టాక్‌ను (గాఢ ద్రావణాన్ని) నీళ్లలో కాకుండా ఐసోప్రొపనాల్‌లో చేయాలి. 10 మిల్లీలీటర్లకు 174 మిల్లీగ్రాములు వేస్తే 100 మిల్లీమోలార్ అవుతుంది. ఫ్రీజర్‌లో స్ఫటికాలు కడితే కాస్త వెచ్చబెట్టి పూర్తిగా కరిగాకే తీయండి, లేదంటే పిపెట్‌లోకి వచ్చేది ఉత్త ఐసోప్రొపనాల్. ఇది విషపదార్థం, పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే తూయాలి, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ భయం వద్దనుకునేవారికి నీళ్లలో కరిగే, విషగుణం తక్కువున్న ఏఈబీఎస్ఎఫ్ ఉంది.

మిగతావాటితో ఇంత ఇబ్బంది లేదు. అప్రొటినిన్ 58 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్, ఆవు ఊపిరితిత్తుల నుంచి తీస్తారు, సీరిన్ రకాన్ని ఆపుతుంది. లూపెప్టిన్ సీరిన్, సిస్టీన్ రకాలు రెండింటి మీదా పనిచేస్తుంది. పెప్‌స్టాటిన్ ఎ ఆస్పార్టిక్ రకానికి. ఈ చివరి రెండింటినీ జపాన్‌లో ఉమెజావా హమావో బృందం స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా నుంచి వెలికితీసింది. హెచ్ఐవీ ప్రొటియేజ్ కూడా ఆస్పార్టిక్ రకమే, పెప్‌స్టాటిన్ దాన్నీ ఆపగలదు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన సాక్వినావిర్ ఆ ఎంజైము మీద పనిచేసే మందే. మన బల్ల మీది సీసాకూ ఆ మందుకూ ఉన్న ఈ చుట్టరికం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అప్రొటినిన్, లూపెప్టిన్, పెప్‌స్టాటిన్ మూడూ ఎంజైముకు పట్టుకుని మళ్లీ వదిలేసే రకం. డయాలసిస్ (పొర గుండా చిన్న అణువులను బయటికి పంపడం) చేసినా, ప్రొటీన్‌ను పట్టుకున్న బీడ్స్‌ను కడిగినా అవి కొట్టుకుపోతాయి, ఆపిన ఎంజైము మళ్లీ పని మొదలుపెట్టవచ్చు. కాబట్టి కడిగే బఫర్‌లో కూడా వాటిని వేయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

మెటలోప్రొటియేజ్‌కు ఈడీటీఏ. లోహాన్ని లాగేసుకుంటుంది, ఎంజైము ఆగిపోతుంది. కానీ మీకు కావలసిన లోహాన్ని కూడా లాగేస్తుంది. హిస్టిడిన్ ట్యాగ్ (నికెల్‌కు అంటుకునే హిస్టిడిన్‌ల తోక) ఉన్న ప్రొటీన్‌ను నికెల్ కాలమ్ మీద పట్టాలనుకుంటే అది నికెల్‌ను ఊడదీస్తుంది. కైనేజ్ (ఫాస్ఫేట్‌ను అతికించే ఎంజైము) పరీక్షకు మెగ్నీషియం దొరక్కుండా చేస్తుంది. అలాంటప్పుడు ఈడీటీఏ లేని మిశ్రమమే వాడాలి. అదే తీరులో, తరవాత ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపాల్సిన నమూనాలో సీరిన్ ఇన్హిబిటర్ మిగిలిపోతే ఆ ట్రిప్సిన్ కూడా ఆగిపోతుంది. ఏం కలపాలో నిర్ణయించే ముందు, ఈ లైసేట్ తరవాత ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు కలుపుదాం. వెస్టర్న్ బ్లాట్‌కు (యాంటీబాడీతో ప్రొటీన్‌ను గుర్తించే పరీక్షకు) వెళ్లే లైసేట్ అనుకుందాం. ఐస్ మీద ఉన్న 10 మిల్లీలీటర్ల బఫర్‌లో 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు వేయండి, 1 మిల్లీమోలార్ అవుతుంది. అప్రొటినిన్ 2 మిల్లీగ్రాముల స్టాక్, లూపెప్టిన్ 1 మిల్లీగ్రాము స్టాక్ (రెండూ మిల్లీలీటరు నీళ్లకు), పెప్‌స్టాటిన్ 1 మిల్లీగ్రాము స్టాక్ (మిల్లీలీటరు మెథనాల్‌కు) తలా 10 మైక్రోలీటర్లు. కణాలు పగలగొట్టబోయే క్షణంలో పీఎంఎస్ఎఫ్ 100 మైక్రోలీటర్లు. బఫర్‌ను కదుపుతూ చుక్కచుక్కగా వదలాలి, ఒక్కసారిగా పోస్తే తెల్లటి మడ్డిగా అడుగున చేరుతుంది.

అభ్యాసం: హిస్టిడిన్ ట్యాగ్ ఉన్న ఈస్ట్ ప్రొటీన్‌ను నికెల్ కాలమ్ మీద శుద్ధి చేయాలి. బఫర్ 25 మిల్లీలీటర్లు, పీఎంఎస్ఎఫ్ 0.5 మిల్లీమోలార్ చాలు. ఏవి వేస్తారు, ఏది మానేస్తారు, ఒక్కోటి ఎన్ని మైక్రోలీటర్లు? కాలమ్ పని రెండు గంటలు పడితే పీఎంఎస్ఎఫ్ మళ్లీ ఎప్పుడు వేస్తారు? లెక్క చేసి పెట్టుకోండి, 4వ పాఠం దానితోనే మొదలవుతుంది.