డార్విన్ ఇల్లు చూడ్డానికి వెళ్తే తోటకి టైమ్ ఉంచుకోండి

లండన్ వెళ్లేవాళ్లు డార్విన్ ఉన్న డౌన్ హౌస్ చూడాలనుకుంటే, బ్రామ్లీ సౌత్ స్టేషన్లో రైలు దిగి 146 నంబర్ బస్సు ఎక్కండి. ఆయన 1842 నుంచి 1882లో చనిపోయేదాకా ఉన్నది ఇక్కడే. రాసుకునే గది చూసేసి తిరిగొచ్చేయకండి, అసలు ప్రయోగశాల బయటి తోటే! వానపాముల వల్ల రాయి నేలలోకి ఎంత కుంగుతుందో కొలిచిన చోటు, గ్రీన్‌హౌస్‌లో పురుగుల్ని తినే మొక్కలు తప్పక చూడండి. తోట చివర ఆయన రోజూ నడిచిన శాండ్‌వాక్ బాట ఉంది. చుట్ల లెక్క కోసం అక్కడ రాళ్లు పేర్చి, చుట్టుకొకటి పక్కకి తన్నేవారట. నాకైతే ఇంటికన్నా ఆ బాటే ఎక్కువ నచ్చింది. వాన పడితే బురదగా ఉంటుంది, బూట్లు వేసుకోండి. చలికాలంలో రోజూ తెరవరు కాబట్టి ముందే ఈ ఇంటిని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ వెబ్‌సైట్లో వేళలు చూసుకోండి.