జనం సైకిల్ ఎక్కాలంటే కౌన్సిల్ ముందు చేయాల్సిన పని ప్రచారం కాదు

ఏ నగర కౌన్సిల్ అయినా సైకిల్‌ని ప్రోత్సహిద్దాం అనుకోగానే మొదట జరిగేది ఒక ఆదివారం ర్యాలీ. టీషర్టులు, జెండా ఊపడం, ఫొటోలు. సోమవారం పొద్దున మళ్లీ అందరి చేతుల్లోనూ బండి తాళాలే. సైకిల్ ఆరోగ్యానికి మంచిదని తెలియనివాళ్లు ఎవరూ లేరండీ, వెనక నుంచి బస్సు హారన్ కొడుతూ పక్కనే రాసుకుంటూ పోతుంటే ఆ మంచి ఏదీ గుర్తురాదు, అంతే. అందుకని పోస్టర్లకు తీసిపెట్టిన డబ్బు కాసేపు పక్కన పెట్టి, ఆ భయం ఎక్కడెక్కడ పుడుతోందో ముందు వెతకండి.

ఎవరి కోసం రోడ్డు వేస్తున్నారో కూడా తేల్చుకోవాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో నగరం తరఫున సైకిల్ వ్యవహారాలు చూసిన రోజర్ గెల్లర్ తన ఊరి జనాన్ని నాలుగు రకాలుగా లెక్కేశారు. ఎలాంటి రోడ్డు మీదైనా తొక్కేసేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు, కాస్త దారి ఉంటే చాలు అనేవాళ్లు 7 మంది, ఏం చేసినా ఎక్కనివాళ్లు 33 మంది, మిగిలిన 60 మంది తొక్కాలని ఉంది గానీ భయం అనేవాళ్లు. మొదట్లో అది అనుభవం కొద్దీ వేసిన అంచనాయే అనుకోండి, కానీ చాలా నగరాలు దాన్ని పట్టుకుని ఆలోచించడం నేర్చుకున్నాయి. మీ పని ఆ 60 మందితోనే. సమావేశానికి మాత్రం హెల్మెట్లు, గ్లౌజులతో వచ్చే క్లబ్బు వాళ్లనే పిలుస్తారు, వాళ్లేమో ఎలాగూ తొక్కుతున్నారు. స్కూలు పిల్లల తల్లుల్ని, పొద్దున్నే షిఫ్టుకి వెళ్లేవాళ్లని, పెద్దవాళ్లని పిలవండి.

తర్వాత ఇంజినీర్లనీ సభ్యుల్నీ మామూలు సైకిళ్ల మీద, ట్రాఫిక్ బాగా ఉండే వేళ, ముందు పోలీసు బండి లేకుండా తిప్పండి. ఇళ్ల దగ్గర నుంచి స్కూలుకి, ఆసుపత్రికి, స్టేషన్‌కి. ఎవరైనా ఎక్కడ దిగి సైకిల్ నెట్టుకుంటూ నడిచారో అక్కడ మ్యాప్ మీద ఒక గుర్తు పెట్టండి. ఆఫీసులో కూర్చుంటే కనబడనివన్నీ అప్పుడే బయటపడతాయి: రోడ్డు పొడవునా సందులున్న డ్రైనేజీ జాలీ (ముందు చక్రం అందులో దిగిందంటే మనిషి హ్యాండిల్ మీద నుంచి పడతాడు, ఆ సందులు రోడ్డుకి అడ్డంగా ఉండాలి), దారికి నడిమధ్యలో కరెంటు స్తంభం, అన్నిటికన్నా ఘోరం ఏంటంటే ఇంతదూరం బాగానే వచ్చిన సైకిల్ దారి జంక్షన్‌కి కాస్త ముందు చప్పుడు చేయకుండా మాయమైపోవడం. అసలు దారి కావాల్సింది ఆ జంక్షన్‌లోనే కదా!

ఇక్కడే నేను గట్టిగా చెప్పేది: ఈ ఏడాది ఈ వీధిలో అర కిలోమీటరు, వచ్చే ఏడాది ఇంకెక్కడో అర కిలోమీటరు అంటే డబ్బు దండగ. నది మధ్యదాకా కట్టిన వంతెన మీద ఎవరు నడుస్తారు? స్పెయిన్‌లోని సెవిల్లె 2006లో మొదలుపెట్టి కొద్ది కాలంలోనే, ఒకదానితో ఒకటి కలిసిన, వాహనాల నుంచి వేరుచేసిన దారులు సుమారు 80 కిలోమీటర్ల మొదటి విడత వేసేసింది, అందుకు వేల పార్కింగ్ స్థలాలు తీసేయాల్సి వచ్చినా వెనక్కి తగ్గలేదు. అంతకుముందు సైకిల్ కనబడటమే అరుదైన ఆ ఊళ్లో తొక్కేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగారు. మొత్తం ఊరంతా చేయలేకపోతే రెండు మూడు దారులే తీసుకోండి, కానీ ఇంటి గుమ్మం నుంచి చేరాల్సిన చోటిదాకా ఎక్కడా తెగకూడదు.

దారి అంటే తెల్ల గీత కాదు. గీత మీద కారు ఆపేస్తారు, సైకిల్ వాడు దాన్ని తప్పించుకోవడానికి ట్రాఫిక్‌లోకి రావాలి. గట్టు కావాలి, లేదా స్తంభాలు, కనీసం బరువైన పూలతొట్లు. ఆగిన కార్ల వరుస ఉన్నచోట సైకిల్ దారిని ఆ కార్లకూ ఫుట్‌పాత్‌కీ మధ్యలో వేసి, కారు తలుపు తెరుచుకునేంత ఖాళీ వదలండి. వెడల్పు ఒకవైపు దారికే రెండు మీటర్లు ఉంటే తల్లీబిడ్డా పక్కపక్కన పోవచ్చు. జంక్షన్లో సైకిళ్లకు కొన్ని సెకన్లు ముందుగా పచ్చలైటు ఇవ్వండి, మూల మలుపు బిగువుగా కట్టండి, తిరిగే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో కొన్ని ప్రధాన దారుల్లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్‌కి వరుసగా పచ్చలైట్లే పడేలా సిగ్నళ్లు అమర్చారు, ఇది కాస్త ముచ్చటైన పని, తర్వాత చూసుకోవచ్చు.

చిన్న వీధుల్లో అసలు వేరే దారే అక్కర్లేదు. వేగం 30కి దించండి, అడ్డదారిగా వాడుకునే కార్లు లోపలికి దూరకుండా ఒక చివర నాలుగు స్తంభాలు పాతండి, సైకిల్ మాత్రం దూరిపోతుంది. వన్‌వేలో సైకిళ్లను రెండువైపులా వదలడం చాలా చోట్ల మామూలే.

పార్కింగ్ సంగతి. ముందు చక్రం మాత్రమే పట్టుకునే రాక్ కొనకండి, రిమ్ వంగుతుంది, చక్రం ఒక్కటి వదిలేసి మిగతాది దొంగ పట్టుకుపోతాడు. ఫ్రేమ్‌ని తాళం వేసుకునేలా తిరగేసిన యూ ఆకారపు ఇనుప కడ్డీ చాలు, చవక కూడా. స్టేషన్ల దగ్గర పైకప్పు, వెలుతురు, మనిషి కాపలా ఉండాలి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లకు చోటుంది, మనకి అంత అక్కర్లేదు గానీ రైలు దిగినవాడికి తన సైకిల్ అక్కడే ఉంటుందన్న ధైర్యం ఉండాలి.

ఇక గొడవ. పార్కింగ్ తీసేస్తే బేరాలు పోతాయని దుకాణాల వాళ్లు తప్పకుండా వస్తారు, వాళ్ల టెన్షన్ ఊరికే కాదు. వాదించకండి. పని మొదలుకాకముందే ఆ వీధికి ఎవరు ఎలా వస్తున్నారో లెక్కపెట్టండి, సరుకు దింపే బళ్లకు వేళలు వాళ్లతోనే కూర్చుని ఖరారు చేయండి, తీసేయగలిగే తొట్లతో ఆరు నెలలు నడిపి చూసి, మళ్లీ లెక్కపెట్టి, ఆ అంకెలు బయట పెట్టండి. మొదటి నెల తిట్లు పడతాయి, ఆ నెలలోనే భయపడి తీసేసిన కౌన్సిల్ మళ్లీ ఐదేళ్లు ఆ మాట ఎత్తదు.

అప్పుడు చేసుకోండి మీ ప్రచారం. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు పెద్ద రోడ్లు కార్లకు మూసి జనానికి వదులుతున్నారు, ఇప్పుడది వంద కిలోమీటర్లు దాటింది, ఏడాదికోసారి చేసే తంతు కాదు కాబట్టే అది పనిచేసింది. అద్దె సైకిళ్లు కూడా దారులు వచ్చాకే పెట్టండి, లేకపోతే స్టాండ్‌లోనే తుప్పు పడతాయి.

చివరగా బడ్జెట్‌లో ఒక పద్దు మర్చిపోవద్దు: ఊడ్చడానికి, గుంతలు పూడ్చడానికి, గాజుపెంకులు ఏరడానికి. పెద్ద చెత్తబండి ఇరుకు దారిలో పట్టదు, చిన్నది కొనాలి, ఫిర్యాదు తీసుకునే ఫోన్ నంబరు ఆ దారి పక్కనే రాసి పెట్టాలి, ఆ ఫోన్ ఎత్తడానికి ఒక మనిషి ఉండాలి.